లిండ్‌బర్గ్ కేసు మ్యాపు: ఏ చుక్కని ఎంతవరకు నమ్మాలి?

1932 మార్చి 1, మంగళవారం రాత్రి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఒక ఇంటి పై అంతస్తు గదిలో నిద్రపోతున్న ఇరవై నెలల పిల్లవాడిని ఎవరో ఎత్తుకెళ్లారు. 50,000 డాలర్లు కావాలని రాసిన లేఖ కిటికీ దగ్గర దొరికింది. పిల్లవాడి తండ్రి చార్లెస్ లిండ్‌బర్గ్. 1927 మేలో న్యూయార్క్ నుంచి పారిస్ దాకా ఎక్కడా ఆగకుండా, ఒక్కడే 33 గంటలకు పైగా విమానం నడిపి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు. అందుకే ఆ కేసు ఒక్క కుటుంబం కష్టంగా మిగల్లేదు. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. తొంభై ఏళ్లు దాటినా దాని మీద వాదనలు ఆగలేదు.

ఈ కేసు చదవడం మొదలుపెట్టినవాళ్లని ముందుగా తికమక పెట్టేది ఊళ్లే. హోప్‌వెల్, ఎంగిల్‌వుడ్, ఫ్లెమింగ్టన్, బ్రాంక్స్, యార్క్‌విల్, నార్ఫోక్, మెకార్మిక్... ఏది ఎక్కడుందో, ఒకదానికొకటి ఎంత దూరమో తెలియకపోతే కథ ముందుకు సాగదు. నెల్లూరులో లా చదువుతున్న మా తమ్ముడి కూతురు ఈ కేసు గురించి అడిగినప్పుడు, చెప్పడం కంటే మ్యాపు గీసి చూపించడమే తేలికనిపించింది. అయితే గీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ కేసులో చోట్లు మూడు రకాలు. కొన్ని చోట్ల ఏదో జరిగింది, అందుకు ఒక వస్తువు సాక్ష్యంగా ఉంది. కొన్ని చోట్ల ఏమీ జరగలేదు, ఏదో దొరికింది, అంతే. ఇంకొన్ని చోట్ల ఫలానాది జరిగిందని ఎవరో చెప్పారు. మూడింటికీ ఒకే రంగు సిరాతో చుక్క పెడితే మ్యాపు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఈ కేసు మీద ఇంత గందరగోళం మిగిలిపోవడానికి పెద్ద కారణం ఆ మూడింటినీ కలిపేయడమేనని నేను నమ్ముతున్నాను.

కొండ మీద ఇల్లు

అందరూ "హోప్‌వెల్ ఇల్లు" అంటారు. నిజానికి ఆ ఇల్లు హోప్‌వెల్ ఊళ్లో లేదు. ఊరు మెర్సర్ కౌంటీలో ఉంది. ఇల్లు ఊరికి ఉత్తరాన సోర్లాండ్ కొండల్లో, హంటర్‌డన్ కౌంటీకి చెందిన ఈస్ట్ ఆమ్‌వెల్ పరిధిలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోవచ్చు. ఈ చిన్న తేడాని గుర్తుపెట్టుకోండి, తర్వాత ఒక మనిషి ప్రాణం దీని మీద ఆధారపడుతుంది.

అది అప్పుడే కట్టుకున్న కొత్త ఇల్లు. లిండ్‌బర్గ్ దంపతులు అక్కడ ఇంకా పూర్తిగా కాపురం పెట్టలేదు. శని, ఆదివారాలు గడిపి సోమవారానికల్లా ఎంగిల్‌వుడ్‌కి, అంటే భార్య ఆన్ మారో పుట్టింటికి వెళ్లిపోయేవాళ్లు. ఆ వారం పిల్లవాడికి జలుబు చేయడంతో మంగళవారం కూడా కొండ మీదే ఉండిపోయారు. ఆయా బెట్టీ గోని కూడా ఆ రోజే ఎంగిల్‌వుడ్ నుంచి పిలిపించుకున్నారు. మరి వాళ్లు ఆ రాత్రి అక్కడే ఉంటారని బయటివాళ్లకి ఎలా తెలిసింది? ఈ ప్రశ్న వల్లనే ఎంగిల్‌వుడ్ మ్యాపులోకి ఎక్కింది. ఆ ఇంట్లో నేరం జరగలేదు, అక్కడ ఏ వస్తువూ దొరకలేదు. అది కేవలం అనుమానపు చుక్క. అయినా పోలీసులు ఆ ఇంటి పనివాళ్లని పదేపదే ప్రశ్నించారు. వాళ్లలో వయొలెట్ షార్ప్ అనే యువతి ఆ ఒత్తిడి తట్టుకోలేక 1932 జూన్ 10న విషం తాగి చనిపోయింది. ఆ రాత్రి తాను ఎక్కడున్నానని ఆమె చెప్పిందో అది నిజమేనని తర్వాత తేలింది. ఒక చుక్కకి దాని స్థాయికి మించిన బరువు ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ కేసులో ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ లేదు.

ఇంటి దగ్గర దొరికినవి మాత్రం గట్టి సాక్ష్యాలు. పిల్లవాడి గదిలో ఒక కిటికీ బయటి తలుపులు వంకరపోయి గడియ పడేవి కావు. దాని కింద మట్టిలో నిచ్చెన కాళ్లు దిగిన గుంటలు, అడుగుల గుర్తులు కనిపించాయి. ఇంటికి 75 అడుగుల దూరంలో నిచ్చెన పడి ఉంది. ఎవరో సొంతంగా చేసుకున్నది, మూడు ముక్కలుగా విడదీసి కారులో పెట్టుకునేలా ఉంది. పక్క కొయ్య ఒకటి చీలిపోయింది. దగ్గర్లో ఒక ఉలి కూడా దొరికింది. రాత్రి 9 గంటల ప్రాంతంలో కర్ర విరిగినట్టు ఏదో చప్పుడు వినిపించిందని లిండ్‌బర్గ్ చెప్పాడు. పిల్లవాడు లేడని ఆయా చూసింది 10 గంటలకి. తెల్లవారేసరికి పోలీసులు, పత్రికలవాళ్లు, చూడటానికి వచ్చిన జనం ఆ నేలంతా తొక్కేశారు. అడుగుల కొలతలు సరిగ్గా తీసుకోలేదు. మ్యాపులో అన్నిటికంటే ముఖ్యమైన చోటే ఇలా ఒక్క రాత్రిలో సగం చెరిగిపోయింది.

ఏడు కిలోమీటర్ల దూరం

రెండో గట్టి చుక్క మౌంట్ రోజ్. 1932 మే 12న ఒక లారీ మనుషులు రోడ్డు పక్కన ఆగినప్పుడు, పొదల్లో రోడ్డుకి 45 అడుగుల దూరంలో చిన్నపిల్లవాడి శవం కనిపించింది. పుర్రె పగిలి ఉంది. చనిపోయి దాదాపు రెండు నెలలైందని వైద్యులు చెప్పారు. అంటే ఎత్తుకెళ్లిన రాత్రే, లేదా ఆ వెంటనే. ఇంటికి ఆగ్నేయంగా నాలుగున్నర మైళ్లు, మన లెక్కలో ఏడు కిలోమీటర్లు. నెల్లూరు నుంచి పెన్నా దాటి కోవూరు చేరేంత.

ఈ ఏడు కిలోమీటర్ల గురించి ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. రెండున్నర నెలల పాటు వెతుకులాట సముద్రం మీద, వేరే రాష్ట్రాల్లో, వందల కిలోమీటర్ల దూరంలో సాగింది. బిడ్డ మాత్రం ఇంటి దగ్గరే ఉన్నాడు.

బ్రాంక్స్ గుంపు

ఇప్పుడు చూపు న్యూయార్క్ వైపు తిప్పాలి. ఇంటి నుంచి బ్రాంక్స్‌కి నేరుగా గీత గీస్తే 90 కిలోమీటర్లకు పైనే. రెండో లేఖ మార్చి 4 నాటి బ్రూక్లిన్ పోస్టు ముద్రతో వచ్చింది. డిమాండ్ 70,000కి పెరిగింది. ఎరుపు, నీలం రంగుల్లో ఒకదాన్నొకటి కోసుకునే వృత్తాలు, మూడు రంధ్రాలు ఉన్న ఒక గుర్తు మొదటి లేఖ మీద ఉంది. తర్వాతి లేఖల మీదా అదే గుర్తు. అందుకే అవన్నీ ఒకే చేతి నుంచి వచ్చాయని పోలీసులు నమ్మారు.

మధ్యవర్తిగా దూరినవాడు జాన్ కాండన్. డెబ్బై దాటిన రిటైర్డ్ హెడ్‌మాస్టర్, బ్రాంక్స్‌లో డెకేటర్ అవెన్యూ నివాసి. అతను స్థానిక పత్రికకి రాసిన ఉత్తరం మార్చి 8న అచ్చయింది, మర్నాటికే కిడ్నాపర్ నుంచి జవాబు వచ్చింది. ఇది గమనించాలి. దేశంలోని పెద్ద పత్రికలన్నీ ఈ వార్తే రాస్తుంటే, బ్రాంక్స్ వాళ్లు మాత్రమే చదివే ఒక చిన్న పత్రికలోని ఉత్తరానికి ఒక్క రోజులో స్పందించాడంటే ఆ మనిషి ఎక్కడివాడు?

మార్చి 12 రాత్రి ఒక టాక్సీ డ్రైవర్ కాండన్ ఇంటికి చీటీ తెచ్చాడు. గన్ హిల్ రోడ్డు, నాక్స్ ప్లేస్ కలిసే చోట ఒకతను కారు ఆపి ఇచ్చాడని చెప్పాడు. ఆ చీటీ జెరోమ్ అవెన్యూ రైలు మార్గంలో చివరి స్టేషన్ దగ్గర మూతపడిన ఒక తినుబండారాల బడ్డీకి పంపింది. అక్కడ రాయి కింద ఇంకో చీటీ, అది ఉడ్‌లాన్ సమాధుల తోటకి దారి చూపింది. గేటు దగ్గర కనిపించిన మనిషి పరుగు తీసి పక్కనున్న వాన్ కోర్ట్‌లాండ్ పార్కులోకి వెళ్లాడు. కాండన్ అక్కడ బెంచీ మీద కూర్చుని చాలాసేపు అతనితో మాట్లాడాడు. పేరు "జాన్" అని చెప్పుకున్నాడు, జర్మన్ యాస. కొద్ది రోజులకి పిల్లవాడి నిద్రబట్టలు పోస్టులో వచ్చాయి.

ఏప్రిల్ 2 రాత్రి డబ్బు చేతులు మారింది. ఈసారి చీటీ ఈస్ట్ ట్రెమాంట్ అవెన్యూలో ఒక పూల దుకాణం ముందు బల్ల మీద రాయి కింద ఉంది. అక్కడి నుంచి సెయింట్ రేమండ్ సమాధుల తోట. కాండన్ బేరమాడి 70,000 బదులు 50,000 ఇచ్చాడు. లిండ్‌బర్గ్ కారులోనే కూర్చుని చీకట్లో ఎవరో "హే, డాక్టర్" అని కేక వేయడం విన్నాడు. ఈ రెండు మాటలు దాదాపు మూడేళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యమయ్యాయి. నా దృష్టిలో అది "చెప్పిన" రకం చుక్కే. దూరం నుంచి విన్న రెండు మాటలతో గొంతుని అంత కాలం తర్వాత గుర్తుపట్టానంటే, చెప్పినవాడు ఎంత నిజాయితీపరుడైనా దాన్ని నిచ్చెన కట్టె, డబ్బు నోటు లాంటి వస్తువులతో సమానంగా తూచలేం.

డెకేటర్ అవెన్యూ, గన్ హిల్ రోడ్డు, ఉడ్‌లాన్, సెయింట్ రేమండ్. అన్నీ కలిపినా పది కిలోమీటర్ల లోపే. సమాధుల తోటల గేట్లు, రాత్రిపూట ఖాళీగా ఉండే వీధులు, మూతపడిన బడ్డీలు, ఏ స్టేషన్ చివరిదో అన్నీ తెలిసిన మనిషి మాత్రమే ఎంచుకోగల చోట్లు ఇవి. నేరస్థుల కదలికల్ని మ్యాపు మీద లెక్కగట్టే పద్ధతిని 1990లలో కెనడా పోలీసు అధికారి కిమ్ రాస్మో శాస్త్రంగా తీర్చిదిద్దాడు. నేరం చేసేవాడు తన గుమ్మం ముందు చేయడు గానీ, అలవాటైన పరిసరాలు దాటి పెద్దగా పోడన్నది అందులో మూల సూత్రం. ఆ కొలబద్ద 1932లో లేదు. లేకపోయినా ఏప్రిల్ నాటికే మ్యాపు బ్రాంక్స్ వైపు చూపిస్తోంది. కానీ అందరి కళ్లూ కొండ మీది ఇంటి మీద, సముద్రం మీద ఉన్నాయి.

సముద్రం మీద అబద్ధాలు

డబ్బు తీసుకున్న మనిషి ఇచ్చిన చీటీలో, పిల్లవాడు మసాచుసెట్స్ తీరంలో హార్స్‌నెక్ బీచ్‌కి, గే హెడ్‌కి మధ్య "నెల్లీ" అనే పడవలో ఉన్నాడని రాసి ఉంది. లిండ్‌బర్గ్ స్వయంగా విమానంలో తిరిగి ఆ తీరమంతా వెతికాడు. అలాంటి పడవ లేదు.

అదే సమయంలో వర్జీనియాలోని నార్ఫోక్ నుంచి జాన్ కర్టిస్ అనే పడవల తయారీదారు తనకి కిడ్నాపర్లు తెలుసన్నాడు. మే 12న బిడ్డ శవం దొరికిన రోజు, తండ్రి కర్టిస్ మాట నమ్మి న్యూజెర్సీ తీరంలో సముద్రం మీద వెతుకుతున్నాడు. తర్వాత అదంతా కల్పితమని కర్టిసే ఒప్పుకున్నాడు. వాషింగ్టన్‌లో గాస్టన్ మీన్స్ అనే మోసగాడు, బిడ్డని తెప్పిస్తానని ఒక ధనిక మహిళ దగ్గర లక్ష డాలర్లకు పైగా కాజేసి జైలుకెళ్లాడు. ఈ చుక్కల్ని కొట్టిపారేయకూడదనే నేను అంటాను. వేరే రంగుతో మ్యాపు మీద ఉంచాలి. పోలీసుల కాలం, తండ్రి ఆశ ఎటు కొట్టుకుపోయాయో అవే చెబుతాయి.

నోట్లు ఎక్కడ దొరికాయి, ఎక్కడ ఖర్చయ్యాయి

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి, ఎందుకంటే ఈ కేసులో "మ్యాపు" అనగానే అందరికీ గుర్తొచ్చేది నోట్ల మ్యాపే.

ఇచ్చిన 50,000 డాలర్లలో 20 డాలర్ల నోట్లు 1250, పదివి 1500, అయిదువి 2000. మొత్తం 4,750. పన్నుల శాఖ నేరవిభాగం అధికారి ఎల్మర్ ఐరీ రెండు పనులు చేయించాడు. ప్రతి నోటు నంబరు రాయించాడు, సొమ్ములో చాలా భాగం గోల్డ్ సర్టిఫికెట్లు ఉండేలా చూశాడు. అంటే బంగారంతో మార్చుకోవచ్చని హామీ ఉన్న, పసుపు రంగు ముద్ర కనిపించే నోట్లు. కాండన్ బేరమాడి మిగిల్చిన 20,000లో ఉన్నవి 50 డాలర్ల నోట్లు. చలామణిలో అన్నిటికంటే సులువుగా పట్టుబడేవి అవే. డబ్బు మిగిల్చానని ఆయన సంతోషించాడు గానీ, పరిశోధనకి అది నష్టమే.

1933 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బంగారం, గోల్డ్ సర్టిఫికెట్లు మే 1లోగా బ్యాంకులకి అప్పగించాలని ఆదేశించాడు. ఆర్థిక సంక్షోభం కోసం తీసుకున్న నిర్ణయం ఈ కేసుకి అనుకోకుండా ఉపయోగపడింది. ఆ తర్వాత గోల్డ్ సర్టిఫికెట్ బయటికి తీసేవాడు పదిమందిలో కనిపించిపోతాడు.

న్యూయార్క్ పోలీసు అధికారి జేమ్స్ ఫిన్ గోడకి నగరం మ్యాపు తగిలించి, దొరికిన ప్రతి నోటుకీ ఒక పిన్ను గుచ్చుతూ వచ్చాడు. కేంద్ర దర్యాప్తు బ్యూరో కూడా రంగు రంగుల పిన్నులతో ఇలాంటి మ్యాపు నడిపింది. ఇప్పుడు అందరూ ఆ పిన్నుల గురించి గొప్పగా చెబుతారు. కానీ అవి నిజంగా ఏం చూపించాయో విడదీసి చూడాలి. ఒక మనిషి దుకాణంలో నోటు ఇస్తాడు. ఆ దుకాణం సాయంత్రం వసూలైన మొత్తం బ్యాంకులో వేస్తుంది. బ్యాంకు క్లర్క్ నంబరు పోల్చి చూసే రోజుకి వారం కావొచ్చు, ఆ నోటు ఏ ఖాతాదారు ఇచ్చాడో చెప్పలేకపోవచ్చు. మరి పిన్ను గుచ్చింది ఎక్కడ? దొరికిన చోట. ఖర్చు చేసిన చోటికీ, అది చేసినవాడి ఇంటికీ మధ్య ఇంకా చాలా దూరం ఉంది. పైగా జాబితాలోని నంబర్లు చూసే ఓపిక ఉన్న బ్యాంకుల దగ్గరే పిన్నులు ఎక్కువగా పడతాయి. చూడని బ్యాంకు దగ్గర మ్యాపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని బట్టి అక్కడికి అతను వెళ్లలేదని అనుకుంటే పొరపాటు.

ఇన్ని లోపాలున్నా పిన్నులు ఒక దారి చూపాయి. మాన్‌హట్టన్ తూర్పు భాగంలో లెక్సింగ్టన్ అవెన్యూ సబ్‌వే వెంబడి ఎక్కువగా గుమిగూడాయి. ఆ రైలు ఉత్తరాన బ్రాంక్స్‌కి పోతుంది. దారిలో ఉన్న యార్క్‌విల్ అప్పట్లో జర్మన్లు ఎక్కువగా ఉండే పేట. 1934 ఆగస్టు 20 తర్వాత కొద్ది వారాల్లోనే యార్క్‌విల్, హార్లెం ప్రాంతాల్లో మరో 16 గోల్డ్ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. నోట్లని ఎప్పుడూ ఒకేలా ఎనిమిది మడతలు పెట్టేవాడని దుకాణాలవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. 1933 నవంబరు 26న గ్రీన్‌విచ్ విలేజ్‌లో ఒక సినిమా హాలు టికెట్ కౌంటర్‌లో మడిచిన 5 డాలర్ల నోటు విసిరిన మనిషిని అక్కడి క్లర్క్ గుర్తుంచుకుంది. సెల్‌ఫోన్ టవర్ల లొకేషన్లు, సీసీ కెమెరాలు ఉన్న ఈ రోజుల్లో మనకి వింతగా అనిపించొచ్చు గానీ, ఆ రోజుల్లో మనిషి కదలిక తెలుసుకోవడానికి దొరికిన మార్గం చేతులు మారే నోటే.

పట్టుబడ్డ విధానం చూడండి. 1934 సెప్టెంబర్ 15న మాన్‌హట్టన్‌లో 127వ వీధి, లెక్సింగ్టన్ అవెన్యూ మూల మీదున్న పెట్రోల్ బంకులో ఒకతను 98 సెంట్ల పెట్రోలు కొట్టించుకుని 10 డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇది బ్యాంకు తీసుకుంటుందో లేదోనని అటెండర్‌కి భయం వేసి, కారు నంబరు నోటు అంచు మీదే రాసుకున్నాడు. మూడు రోజులకి బ్యాంకు క్లర్క్ ఆ నోటుని పట్టాడు. కారు నంబరు ద్వారా బ్రాంక్స్, ఈస్ట్ 222వ వీధిలో ఉండే బ్రూనో రిచర్డ్ హాప్ట్‌మన్ అనే జర్మన్ వడ్రంగి దొరికాడు. సెప్టెంబర్ 19న అరెస్టు. అతని గ్యారేజీలో 13,000 డాలర్లకు పైగా ఆ సొమ్ము బయటపడింది. జర్మనీ వెళ్లి చనిపోయిన స్నేహితుడు ఇసిడోర్ ఫిష్ దాచమని ఇచ్చిన డబ్బని అతను చివరిదాకా చెప్పాడు.

మ్యాపు పట్టించిందనడం సరికాదు. ఒక బంకు కుర్రాడి జాగ్రత్త పట్టించింది. అయితే ఆ జాగ్రత్త ఫలించడానికి నంబర్ల జాబితా, బంగారం ఆదేశం, బ్యాంకుల చుట్టూ రెండేళ్లు తిరిగిన పోలీసుల పట్టుదల ముందే ఉండాలి.

కట్టె చెప్పిన దారి

ఈ కేసులో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఆర్థర్ కోలర్ పని. విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్‌లోని ప్రభుత్వ కలప పరిశోధనశాలలో నిపుణుడు. నిచ్చెనని ముక్కలు విప్పి ప్రతి కట్టెకీ నంబరు ఇచ్చాడు. కింది పక్క కొయ్యల మీద చిత్రిక మెషిన్ వదిలిన సన్నని గీతలు చూశాడు. ఆ గీతల మధ్య దూరాన్ని బట్టి మెషిన్‌లో ఎన్ని బ్లేడ్లున్నాయో, కట్టె ఎంత వేగంతో కదిలిందో లెక్కగట్టాడు. అలాంటి మెషిన్ ఎక్కడుందో కనుక్కోవడానికి 1500కు పైగా మిల్లులకి ఉత్తరాలు రాశాడు. చివరికి సౌత్ కరోలినాలోని మెకార్మిక్‌లో ఒక మిల్లు దగ్గర ఆ గీతలు సరిపోయాయి. బ్రాంక్స్ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాట. అక్కడి నుంచి ఉత్తరాదికి వెళ్లిన సరుకుని డిపో డిపోకీ వెతుకుతూ 1933 నవంబరులో బ్రాంక్స్‌లోని నేషనల్ లంబర్ అనే కలప డిపోకి చేరాడు.

అక్కడ దారి ఆగిపోయింది. డిపో రొక్కానికే అమ్మేది, కొన్నవాళ్ల పేర్లు రాసుకోలేదు. పది నెలల తర్వాత హాప్ట్‌మన్ దొరికినప్పుడు, అతను అదే డిపోలో పనిచేశాడనీ, అక్కడే కలప కొన్నాడనీ తేలింది. పోలీసులు నోట్ల దారిలో, కోలర్ కట్టెల దారిలో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా నడిచి బ్రాంక్స్‌లో ఒకే పేటకి చేరారు. రెండు వేర్వేరు సాక్ష్యాలు ఒకే చోట కలిస్తే ఆ చుక్క బరువు పెరుగుతుంది.

తర్వాత కోలర్ నిచ్చెనలోని పదహారో కట్టెని హాప్ట్‌మన్ ఇంటి అటక మీది నేలపలకతో పోల్చాడు. కట్టెలో ఉన్న నాలుగు మేకు రంధ్రాలు అటక దూలాల మీది రంధ్రాలతో కుదిరాయి, కలప వలయాలు కూడా కలిశాయని చెప్పాడు. పోలీసుల చేతిలో ఉన్న ఇంట్లో ఈ పలక తర్వాత ఎప్పుడో కనబడిందని ప్రత్యర్థులు అనుమానించారు. అనుమానించే హక్కు వాళ్లకుంది. కానీ డిపో దాకా చేరిన దారి అరెస్టుకి పది నెలల ముందే కాగితం మీద ఉంది, దాన్ని ఎవరూ తర్వాత పుట్టించలేరు.

ఏ కోర్టు?

"పెదనాన్నా, ఎత్తుకెళ్లింది ఒక జిల్లా, శవం దొరికింది ఇంకో జిల్లా, డబ్బు తీసుకుంది ఏకంగా ఇంకో రాష్ట్రం. కేసు ఎక్కడ నడవాలి?" అని మా అమ్మాయి అడిగింది. లా చదివేవాళ్లు అడగాల్సిన ప్రశ్న అదే.

మన దగ్గర ఇప్పుడు ఇది పెద్ద చిక్కు కాదు. కావలిలో ఎత్తుకెళ్లి, ఒంగోలులో దాచి, చెన్నైలో డబ్బు తీసుకున్నారనుకోండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 181వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 201వ సెక్షన్ ప్రకారం, ఎత్తుకెళ్లిన చోట, తీసుకెళ్లిన చోట, దాచిన లేదా నిర్బంధించిన చోట ఎక్కడైనా విచారించవచ్చు. ఏ స్టేషన్ అయినా జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలి. సరిహద్దు ఎటు జరిగినా ఇబ్బంది లేదు. కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి నెల్లూరులో కలిసినప్పుడు స్టేషన్ బోర్డులు మారాయి గానీ, కిడ్నాప్ అయినవాళ్ల హక్కులేమీ మారలేదు.

1932 న్యూజెర్సీలో పరిస్థితి వేరు. అక్కడ అప్పటి చట్టంలో కిడ్నాప్‌కి మరణశిక్ష లేదు. హత్యగా నిరూపిస్తేనే ఉంది. శవం దొరికిన మౌంట్ రోజ్ మెర్సర్ కౌంటీలోది. ఇల్లు హంటర్‌డన్ కౌంటీలోది. విచారణ హంటర్‌డన్ కేంద్రమైన ఫ్లెమింగ్టన్‌లో జరగాలంటే మరణం ఆ కౌంటీలోనే సంభవించిందని చెప్పాలి. అందుకని ప్రాసిక్యూటర్ డేవిడ్ విలెంట్జ్, నిచ్చెన విరిగి బిడ్డ ఇంటి దగ్గరే కింద పడి చనిపోయాడని వాదించాడు. ఆ రాత్రి 9 గంటలకి విన్న కర్ర చప్పుడు, చీలిన పక్క కొయ్య ఇక్కడ పనికొచ్చాయి. ఇంట్లో చొరబడి బిడ్డనీ, ఒంటి మీది బట్టల్నీ దొంగిలించేటప్పుడు జరిగిన మరణం గనుక హత్యేనని కేసు నిలబెట్టారు. 1935 జనవరి 2న మొదలైన విచారణ ఫిబ్రవరి 13న ముగిసింది. 1936 ఏప్రిల్ 3న ట్రెంటన్ జైల్లో హాప్ట్‌మన్‌కి విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలు చేశారు. కౌంటీ గీతని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

డబ్బు తీసుకున్న నేరం మాత్రం న్యూయార్క్ రాష్ట్రానిది. అందుకే అతన్ని బ్రాంక్స్ నుంచి న్యూజెర్సీకి తీసుకురావడానికే వేరే కోర్టు పోరాటం జరిగింది. న్యూజెర్సీ పోలీసులు, న్యూయార్క్ పోలీసులు, కేంద్ర బ్యూరో ముగ్గురూ ఎవరి సమాచారం వాళ్లు దాచుకున్నారు. ఇంటి చుట్టుపక్కల మ్యాపు ఒకరి గోడ మీద, నోట్ల మ్యాపు ఇంకొకరి గోడ మీద ఉండిపోయాయి. మొత్తం ఒక్క చోట పెట్టి చూసి ఉంటే ఈ కేసు 1934 దాకా లాగేది కాదేమోనని నాకు అనిపిస్తుంది. రాష్ట్ర సరిహద్దు దాటిన కిడ్నాప్‌ని కేంద్ర నేరంగా చేసే చట్టం 1932 జూన్ 22న వచ్చింది. బిడ్డ బతికుంటే ఆ రోజుకి రెండేళ్లు నిండేవి.

ఖాళీగా వదలాల్సిన చుక్కలు

హాప్ట్‌మన్ ఒక్కడే చేశాడా, అసలు చేశాడా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అతని భార్య ఆనా 1994లో చనిపోయేదాకా భర్త నిర్దోషి అంటూనే ఉంది. నాకు తోచినంతవరకు నోట్లు, కట్టె కలిసి అతన్ని బ్రాంక్స్ గుంపుతో గట్టిగానే ముడివేశాయి. కొండ మీది ఇంటితో ముడివేసేది మాత్రం ప్రధానంగా నిచ్చెనే. ఆ పరిసరాల్లో అతన్ని చూశామన్న సాక్షుల మాటలు బలహీనం. ఆ రోజు మాన్‌హట్టన్‌లోని మెజెస్టిక్ అపార్ట్‌మెంట్స్‌లో పనిచేశానన్న అతని మాట మీద, ఆ నెల కూలి లెక్కల కాగితాల మీద వాదం తేలలేదు. అతను ఒక్కడే వెళ్లాడా అన్నదానికి ఇంటి దగ్గర తొక్కేసిన నేల ఇప్పుడు జవాబు చెప్పలేదు. అలాంటి చోట్ల చుక్కని నింపకుండా వట్టి వృత్తం గీసి వదిలేయడమే నిజాయితీ అని మా అమ్మాయికి చెప్పాను.

వాటిలో ఒకటి వెస్ట్ 149వ వీధిలో ఉంది. 1933 మే 1న, అంటే గోల్డ్ సర్టిఫికెట్లు అప్పగించాల్సిన చివరి రోజున, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఎవరో ఆ సొమ్ములోని 2,980 డాలర్లు ఒక్కసారే మార్చుకున్నారు. స్లిప్పు మీద "జె. జె. ఫాక్‌నర్, 537 వెస్ట్ 149వ వీధి" అని రాసి ఉంది. పోలీసులు వెళ్లి వెతికితే ఆ చిరునామాలో ఆ పేరుగల మనిషి లేడు. రద్దీలో డబ్బు లెక్కపెట్టిన క్లర్క్‌కి ముఖం గుర్తులేదు. బ్రాంక్స్ బయట, మాన్‌హట్టన్ పడమటి అంచున, లెక్సింగ్టన్ రైలుకి దూరంగా ఆ చుక్క ఒంటరిగా ఉంటుంది.